నాటికకు సెట్ ఎలా వేసుకోవాలి?

సెట్ అనగానే చాలామంది గోడలకు ఏ రంగు వేద్దామా అని మొదలుపెడతారు. నటులు తిరగడానికి ఎంత చోటు కావాలి, ఎక్కడ కావాలి అన్నది ముందు తేలాలి.

టేపు తీసుకుని వేదిక దగ్గరికి వెళ్లండి. వెడల్పు, లోతు, ఎత్తు, సైడ్ వింగుల్లో, అంటే వేదికకు రెండు పక్కలా జనానికి కనపడని చోట, ఎంత ఖాళీ ఉందో రాసుకోండి. నెల్లూరు టౌన్‌హాల్లో ఆడిన నాటికనే రేపు కొండపి వైపు తిరునాళ్ల వేదిక మీద ఆడాల్సి రావచ్చు. అందుకని చిన్న వేదిక కొలతలకే ప్లాన్ వేసుకోవాలి. ముందు వరసలో ఈ చివరా ఆ చివరా కూర్చుని కూడా చూడండి. అక్కడినుంచి కనపడని మూలలో ముఖ్యమైన సీను పెట్టకూడదు.

తర్వాత గ్రాఫ్ కాగితం మీద అడుగుకు అరంగుళం చొప్పున గీయండి. 24 అడుగుల వేదిక 12 అంగుళాల్లో సరిపోతుంది.

ఇక గుమ్మం. సెట్టుకు ప్రాణం ఇదేనని నా నమ్మకం. పక్క గోడకు పెడితే లోపలికొచ్చే నటుడి ఒక చెంపే కనపడుతుంది. వెనక గోడా పక్క గోడా కలిసేచోట ఐమూలగా పెట్టండి, అడుగు పెట్టగానే మొహం మొత్తం జనానికి దొరుకుతుంది. తలుపు రెక్క తెరవెనక్కి తెరుచుకోవాలి, లేకపోతే మనిషికి అడ్డమొస్తుంది.

పొగాకు రైతు కథ అనుకుందాం. బ్యారన్, అంటే పొగాకు ఆరబెట్టే కొట్టం, కట్టక్కర్లేదు. గుమ్మం పక్కన అడుగెత్తు అరుగు, గోనెపట్టా చుట్టిన రెండు బేళ్లు చాలు. అమ్ముడుపోని సరుకు సంగతి ప్రకాశం జిల్లా ప్రేక్షకుడికి ఎవరూ చెప్పక్కర్లేదు. బేళ్లలో వరిగడ్డి గట్టిగా కూరండి, నటుడు కూర్చుంటే కుంగకూడదు. మంచం ఓ పక్కకు వేసి నడిమి చోటు వదిలేయండి.

నటులు వెనక గోడకు మూడు నాలుగు అడుగుల ఇవతలే ఉంటే నీడలు గోడమీద పడవు. గోడకు మట్టిరంగు మేలు. తెల్లరంగైతే లైట్లకు మొహాలకన్నా గోడే ఎక్కువ మెరుస్తుంది.

కొత్తపట్నం, మైపాడు లాంటి చోట ఆరుబయట ఆడితే సముద్రపు గాలికి గుడ్డ ఫ్లాట్లు, అంటే చట్రానికి గుడ్డ బిగించి చేసిన సెట్ గోడలు, ఊగుతాయి. ప్రతి ఫ్లాటుకూ వెనక ఊతకర్ర కట్టి, దాని మొదట్లో ఇసుక మూట పెట్టాలి.

రిహార్సల్ మొదటి రోజునుంచే నేలమీద సుద్దముక్కతో సెట్ గీసి ఆడించండి. పరిషత్తు నాటక పోటీల్లో నాటికకూ నాటికకూ మధ్య టైం తక్కువ. ఫ్లాట్ల వెనక నంబర్లు వేసి, గడియారం పెట్టుకుని ఒకసారి బిగించి విప్పి చూడండి. ఎవరు ఏది మొయ్యాలో అప్పుడే తేలిపోతుంది.