క్వాంటం లెక్కలు చేసి నేర్చుకుందాం, 7వ పాఠం: ముందు కొలిచిందెవరు?

పోయిన పాఠంలో ఒక్క ఫోటాన్‌ను, అంటే ఒక్క కాంతి కణాన్ని, పోలరైజర్‌కు (ఒక దిశలో ఊగే కాంతినే దాటనిచ్చే జల్లెడ) పంపాం. ధ్రువణ దిశకీ (కాంతి ఊగే దిశ) పోలరైజర్‌కీ మధ్య ఉన్న కోణానికి కొసైన్ తీసి వర్గం చేస్తే, ఫోటాన్ దాటే సంభావ్యత వస్తుంది. దాటిన ఫోటాన్ ధ్రువణం పోలరైజర్ దిశకు మారిపోతుంది. దాన్నే కొలాప్స్ అన్నాం. ఈసారి పెనవేసుకున్న జంట, అంటే కొలత ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడిన రెండు ఫోటాన్లు. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి, ఊరికే చదివితే ఇది పట్టుబడదు.

మన జంటలో, రెండు పోలరైజర్లూ ఒకే కోణంలో ఉంటే రెండు ఫోటాన్లూ దాటుతాయి, లేదా రెండూ ఆగుతాయి. అవకాశం సగం సగం. ఎడమ పోలరైజర్‌ను 0 డిగ్రీల్లో, కుడిదాన్ని 30 డిగ్రీల్లో పెట్టండి.

ముందు ఎడమవైపు కొలిచారనుకుందాం. దాటే సంభావ్యత 1/2. దాటితే, కుడి ఫోటాన్ ఎంత దూరాన ఉన్నా ఆ క్షణంలోనే 0 డిగ్రీల ధ్రువణానికి వస్తుంది. అది 30 డిగ్రీల పోలరైజర్‌ను దాటే సంభావ్యత 3/4. అంటే రెండూ దాటేది 3/8. ఎడమది ఆగిపోతే కుడిది 90 డిగ్రీలకు వస్తుంది. తేడా 60 డిగ్రీలు, దాటేది 1/4, మొత్తంలో దీని వాటా 1/8. కలిపితే కుడివైపు దాటేది 1/2.

ఇప్పుడు ఎడమ కోణాన్ని మీకు నచ్చినట్టు మార్చి మళ్లీ చేయండి. కుడివైపు 1/2 కదలదు. అందుకే కొలాప్స్‌తో కబురు పంపలేం. రెండువైపుల ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూస్తేనే సంబంధం బయటపడుతుంది.

అసలు టెన్షన్ ఇక్కడుంది. ఒక కొలత దగ్గర బయలుదేరిన కాంతి, రెండో కొలత జరిగేలోపు అక్కడికి చేరలేకపోతే, ఏది ముందన్నది చూసేవాళ్ల వేగాన్ని బట్టి మారుతుంది. ఇది సాపేక్ష సిద్ధాంతం మాట. కుడిదే ముందనే పరిశీలకుడి లెక్క వేయండి: 1/2 × 3/4 = 3/8. అంకె అదే, కథ మాత్రం తలకిందులైంది! ఏ కొలత ఏ ఫోటాన్‌ను మార్చినట్టు? పైన "ఆ క్షణంలోనే" అని రాశాను, ఎవరి క్షణం అది? తెర మీద ఒకచోట కణం తగలగానే మిగతా చోట్ల తగిలే అవకాశం ఒక్కసారిగా ఎలా పోతుందని 1927లో భౌతిక శాస్త్రవేత్తల సాల్వే సమావేశంలో ఐన్‌స్టీన్ లేవనెత్తిన చిక్కు ఇదే కోవది. అంకెలు కలిశాయి కదా అని దీన్ని వదిలేయడం సరికాదని నా అభిప్రాయం.

ఫోటాన్లు బయలుదేరేటప్పుడే జవాబులు రాసుకుని వెళ్తాయేమో అనిపిస్తోందా? అదే ఈసారి అభ్యాసం. కోణాలు 0, 60, 120. మూడింటికీ "దాటు", "ఆగు" అని ముందే రాసి, రెండు ఫోటాన్లకూ ఒకే చీటీ ఇవ్వండి. ఇరువైపులా వేర్వేరు కోణాలు పెడితే జవాబులు కలిసే సగటు 1/3 కంటే తగ్గేలా ఏ చీటీ అయినా రాయగలరేమో చూడండి. తర్వాత మన కొసైన్ వర్గం సూత్రంతో కట్టండి, 1/4 రావాలి. 1964లో భౌతిక శాస్త్రవేత్త జాన్ బెల్ పట్టుకున్నది ఇలాంటి తేడానే. వచ్చే పాఠం అక్కడ మొదలుపెడతాం.