చేతితో పింగాణీ, మూడో పాఠం: మట్టి, దానికి తగిన గ్లేజ్

మట్టి పిసకడం, గిన్నె అంచు లేపడం అయ్యాయి కాబట్టి ఇక రంగుల మీదికి మనసు పోతుంది. కాస్త ఆగండి. తినే పాత్రలకు ముందు ఏ మట్టో తేలాలి, గ్లేజ్ (పాత్ర మీద వేసే గాజు పూత) సంగతి ఆ తర్వాతే.

మట్టిని ఎంచేటప్పుడు చూడాల్సింది, కాలాక అది ఎంత నీరు పీలుస్తుందన్నది. ఎర్రమట్టిని సాధారణంగా 1000 నుంచి 1150 డిగ్రీల సెల్సియస్ మధ్య కాలుస్తారు. అది రంధ్రాలతోనే మిగులుతుంది, తన బరువులో పదో వంతు దాకా నీరు తాగగలదు. పైన గ్లేజ్ ఉందిగా అనుకోవద్దు. గ్లేజ్ లేని అడుగు నుంచి తేమ ఎక్కుతుంది, మట్టి మెల్లగా ఉబ్బుతుంది, కొన్ని నెలలకు గ్లేజ్ మీద సన్నని గీతలు పడతాయి. మైక్రోవేవ్‌లో పెడితే గిన్నే చేయి కాలేంత వేడెక్కుతుంది. 1200 దాటి కాల్చే స్టోన్‌వేర్ మట్టి బాగా గట్టిపడి, 3 శాతం లోపే పీలుస్తుంది. పోర్సెలిన్ అనే మెత్తటి తెల్లమట్టి ఇంకా తక్కువ. కానీ చక్రం మీద జారిపోతుంది, బట్టీలో వంకర పోతుంది. కొత్తవాళ్లకు స్టోన్‌వేరే నా సలహా.

కుంచించుకుపోవడం కూడా లెక్కలో ఉంచుకోండి. మట్టి మొత్తం 12 శాతం తగ్గేదైతే, 22 సెంటీమీటర్ల ప్లేటు కావాలంటే 25తో మొదలుపెట్టాలి.

గ్లేజ్ అంటే గాజే. సిలికా గాజు అవుతుంది, ఫెల్డ్‌స్పార్ లాంటి ఖనిజాలు దాన్ని తక్కువ వేడికే కరిగిస్తాయి, అల్యూమినా కారిపోకుండా పట్టి ఉంచుతుంది. అసలు చిక్కు చల్లారేటప్పుడు వస్తుంది. మట్టి కంటే గ్లేజ్ ఎక్కువ కుంచించుకుంటే బిగుతు చొక్కాలా లాక్కుని చిట్లుతుంది. సిలికా కొంచెం పెంచితే చాలాసార్లు సర్దుకుంటుంది. మరీ తక్కువ కుంచించుకుంటే అంచుల దగ్గర పెచ్చులుగా ఊడుతుంది. ఇదే ఎక్కువ ప్రమాదం, గాజు పెంకు తిండిలో పడుతుంది. అలాంటి పాత్రను మొహమాటం లేకుండా పగలగొట్టేయండి.

రంగు విషయానికొస్తే, ఒకే గ్లేజ్ తెల్లమట్టి మీద తేటగా, ఇనుము ఎక్కువున్న మట్టి మీద ముదురుగా, పలచబడిన అంచుల్లో గోధుమ రంగుగా కనిపిస్తుంది. బాగా గరుకైన మ్యాట్ (మెరుపు లేని) గ్లేజ్ చూపుకు బాగుంటుంది గానీ చెంచా గీతలు పడి టెన్షన్ పెడుతుంది. దాన్ని బయటి వైపుకే ఉంచండి.

ఈ వారం పని: గ్లేజ్ లేకుండా పూర్తి వేడికి కాల్చిన ముక్కను తూచండి. 5 గంటలు నీటిలో మరిగించి, అదే నీటిలో 24 గంటలు వదిలి, తుడిచి మళ్లీ తూచండి. 200 గ్రాములది 204 అయితే 2 శాతం, పనికొస్తుంది. గ్లేజ్ వేసిన ఇంకో ముక్కను సగం వరకు వెనిగర్‌లో ఒక రోజు ముంచండి. రంగు వెలిస్తే ఆ గ్లేజ్ తినే పాత్రకు వద్దు. వెలవకపోయినా గ్లేజ్‌లో సీసం లేదని రుజువైనట్టు కాదు, అది ల్యాబ్‌లోనే తేలుతుంది.

వచ్చే పాఠంలో గ్లేజ్‌లో ముంచడం, మందం చూసుకోవడం. ఒకసారి మాత్రమే కాల్చిన చిన్న పలకలు ఆరు సిద్ధం చేసుకోండి.