ఇంజన్ వేడి కనిపెట్టడం – 4వ పాఠం: వచ్చిపోయే వేడి

ముందు పోయిన పాఠం చివర అడిగిన ప్రశ్న సంగతి. ప్రెషర్ క్యాప్ (కూలెంట్ ట్యాంకు మూత) మీద 1.1 బార్ అని ఉంది, చేతిపంపుతో పరీక్షిస్తే 0.4 దగ్గరే వదిలేస్తోంది. దీనివల్ల ఇంజన్ ఎక్కువ వేడెక్కుతుందా? నేరుగా అయితే ఎక్కదు. క్యాప్ పని చల్లబరచడం కాదు, మరగకుండా ఆపడం. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, మామూలు గాలి ఒత్తిడిలో 107 డిగ్రీల ప్రాంతంలో మరుగుతుంది. దానిపైన 1.1 బార్ ఒత్తిడి ఉంటే 130కి దగ్గరగా తట్టుకుంటుంది. 0.4కే వదిలేసే క్యాప్ ఉంటే 117 దగ్గరే ఆటకట్టు. సెన్సర్ 105 చూపిస్తున్నప్పుడు కూడా ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ లోహం అంతకంటే చాలా వేడిగా ఉంటుంది కాబట్టి మరగడం అక్కడే మొదలవుతుంది. ఆవిరి బుడగ కూలెంట్‌ను ట్యాంకులోకి నెడుతుంది, ట్యాంకు పొంగుతుంది, మట్టం తగ్గుతుంది. నెమ్మదిగా నడిపిన రోజు ఇవేవీ కనపడవు, గట్టిగా తొక్కిన రోజే బయటపడతాయి.

ఈ పాఠమంతా అలాంటి లోపాల గురించే. ఎప్పుడూ వేడెక్కే కారులో తప్పు పట్టడం తేలిక. వారానికోసారి వేడెక్కి, గరాజ్‌కి తీసుకెళ్తే బుద్ధిగా 90 దగ్గర నిలబడే కారుతోనే చిక్కు. దానికి థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు) మార్చి, అది కాకపోతే పంపు మార్చి, అదీ కాకపోతే రేడియేటర్ మార్చడమంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే. ఏ పరిస్థితిలో వేడి వస్తోందో తేల్చుకున్నాకే స్పానర్ పట్టాలి.

మీటరు ముల్లును నమ్మొద్దు

చాలా కార్లలో డ్యాష్‌బోర్డు ముల్లు నిజమైన ఉష్ణోగ్రతతో పాటు కదలదు. డ్రైవర్ కంగారు పడకూడదని తయారీదార్లే దాన్ని మధ్యలో ఆపేస్తారు. దాదాపు 75 నుంచి 110 దాకా అది కొలిచినట్టు నటిస్తుందే తప్ప చెప్పేదేమీ ఉండదు. ముల్లు లేచేసరికి సగం కథ అయిపోయి ఉంటుంది. అందుకే ఓబీడీ సాకెట్‌కు (కారు కంప్యూటర్ అంకెలు చదివే చోటు) స్కానర్ తగిలించి అంకెలు చూడాలి. అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి ఈ సాకెట్ తప్పనిసరి. అంతకంటే పాత కారైతే థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర ఒక థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) కట్టి, తీగను క్యాబిన్‌లోకి లాగండి.

ముల్లు చేసే ఇంకో మోసం ఉంది. కూలెంట్ బాగా తగ్గి సెన్సర్ కొన ఆవిరిలో వేలాడుతుంటే రీడింగ్ పెరగకపోగా హఠాత్తుగా పడిపోతుంది. వేడిగా ఉన్న ఇంజన్‌లో ముల్లు ఒక్కసారిగా చల్లదనం వైపు వాలితే సంతోషించకండి, ఇంజన్ ఆపండి.

ఐదారు ప్రయాణాలకు ఈ వివరాలు రాయండి: కూలెంట్ ఉష్ణోగ్రత, కారు వేగం, ఇంజన్ ఆర్‌పీఎం, బయటి ఉష్ణోగ్రత, ఏసీ ఉందా లేదా, ఫ్యాన్ చప్పుడు, హీటర్ గాలి వేడిగా వస్తోందా చల్లగా వస్తోందా. చివరిది రాయడం చాలామంది మర్చిపోతారు. ఇంజన్ 110 దగ్గర ఉంటే హీటర్ నుంచి చల్లగాలి వస్తోందంటే వేడి కూలెంట్ అక్కడిదాకా చేరడం లేదన్నమాట. అంటే మట్టం తగ్గింది, లేదా గాలి ఇరుక్కుంది, లేదా పంపు తోయడం లేదు. అనుమానితుల జాబితా సగానికి తగ్గడానికి ఈ ఒక్క పరిశీలన చాలు.

ఇంజన్ ఆపిన తర్వాత రెండు మూడు నిమిషాల్లో 5 నుంచి 10 డిగ్రీలు పెరగడం మామూలే. పంపు ఆగింది, లోహంలో వేడి మిగిలింది, అంతే. దాన్ని లోపాల్లో లెక్కేయకండి.

ఆగితే వేడి, పరిగెత్తితే చల్లన

రాసుకున్న అంకెల్లో ఇలా కనిపిస్తే చూడాల్సింది గాలి వైపు, అందులోనూ ముందుగా ఫ్యాన్. వేగంగా వెళ్లేటప్పుడు గాలి దానంతట అదే వస్తుంది, నిలబడితే ఫ్యానే దిక్కు.

ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి బాగుందనుకోవడం మొదటి తప్పు. స్పోర్ట్స్ కార్లలో ఎక్కువగా రెండు ఫ్యాన్లు, రెండు వేగాలు ఉంటాయి. కొన్నిటిలో తక్కువ వేగం కోసం దారిలో ఒక రెసిస్టర్ (కరెంటును తగ్గించే భాగం) పెడతారు. అది కాలిపోతే తక్కువ వేగం పోతుంది, ఎక్కువ వేగం మిగులుతుంది. అప్పుడు 97 దగ్గర నెమ్మదిగా మొదలవ్వాల్సిన ఫ్యాన్ 105 దాటేదాకా కదలదు, కదిలాక హోరుమంటుంది. మరికొన్నిటిలో తక్కువ వేగానికి రెండు ఫ్యాన్లనూ సిరీస్‌లో (ఒకదాని వెంట ఒకటి), ఎక్కువ వేగానికి ప్యారలల్‌లో (దేని దారి దానికే) కలుపుతారు. ఇక్కడ ఒక మోటారు లోపల తెగితే తక్కువ వేగంలో రెండూ ఆగిపోతాయి. వైరింగ్ బొమ్మ చూడకుండా ఈ రెండిటినీ విడదీయలేరు.

కొలతకు ఫ్యాన్ తిరుగుతుండగా మల్టీమీటర్‌ను వోల్టుల మీద పెట్టండి. ఒక కొన బ్యాటరీ ప్లస్ మీద, ఇంకో కొన ఫ్యాన్ కనెక్టర్ ప్లస్ మీద. 0.5 వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో వోల్టేజీ కారిపోతోంది. రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కాంటాక్టు కాలిందో, కనెక్టర్‌లో పచ్చ తుప్పు పట్టిందో చూడండి. ఎర్త్ వైపు కూడా ఇలాగే కొలవాలి. తక్కువ వేగం రెసిస్టర్ మీదుగా నడిచే కారులో ఈ కొలత ఎక్కువ వేగంలోనే చేయండి. రెసిస్టర్ పనే వోల్టేజీ తగ్గించడం కదా. కొలుస్తూ వైర్ల కట్టను మెల్లగా కదిలించండి. వచ్చిపోయే లోపాలు చాలావరకు ఈ కదిలింపులోనే దొరుకుతాయి.

మోటారు బ్రష్‌లు (లోపలికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) అరిగితే ఇంకో వింత. చల్లగా ఉన్నప్పుడు తిరుగుతుంది, వేడెక్కాక మొండికేస్తుంది. చెక్క పిడితో మోటారు మీద తడితే కదులుతుంది. రెండు ఫ్యాన్లున్న కారులో క్లాంప్ మీటర్‌తో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) రెండిటి కరెంటూ పోల్చండి. పుస్తకంలో అంకె కోసం వెతకనక్కర్లేదు, పక్క ఫ్యానే కొలబద్ద. ఒకటి 12 ఆంపియర్లు, మరొకటి 19 లాగుతుంటే రెండో దాని ఇరుసు తిరిగే బుష్ ఎండిపోయి పట్టేస్తున్నట్టు.

ఫ్యాన్లు బాగున్నాయంటే మిగిలింది చెత్త. ఏసీ కండెన్సర్‌కూ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీ) రేడియేటర్‌కూ మధ్య సందులో ఆకులు, దుమ్ము దట్టంగా పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. పోర్షే బాక్‌స్టర్ మొదటి తరం కార్లలో బంపర్ రెండు పక్కలా ఉండే రేడియేటర్లకు ఈ జబ్బు బాగా తెలిసినదే. బంపర్ విప్పి, కండెన్సర్‌నూ రేడియేటర్‌నూ విడదీసి, వెనక వైపు నుంచి ముందుకు తక్కువ ఒత్తిడి నీటితో కడగాలి. ప్రెషర్ వాషర్ పెడితే ఫిన్‌లు (పలచటి రేకులు) వంగిపోయి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

ఫ్యాన్ దగ్గర చేతులు పెట్టేముందు దాని ప్లగ్ ఊడదీయండి. ఇగ్నిషన్ ఆపినా కొన్ని కార్లలో అది తనంతట తను మొదలవుతుంది. ట్యాంకు క్యాప్‌ను 50 డిగ్రీల కిందికి దిగేదాకా ముట్టుకోవద్దు. పారబోసిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం, పిల్లలకూ జంతువులకూ అందనీయకండి.

పరిగెత్తితే వేడి

ఇది నీటి వైపు జబ్బు, లేదా గాలి దారి తప్పడం. రెండోది క్షణంలో తేలుతుంది. కింది ట్రే ఊడిపోయినా, రేడియేటర్ అంచుల చుట్టూ ఉండే ఫోమ్ చిరిగినా, గాలి రేడియేటర్ లోంచి దూరడం మాని పక్కనుంచి జారిపోతుంది. ఇంతకుముందు ఎవరో పనిచేసి ట్రే తిరిగి బిగించలేదేమో చూడండి.

నీటి వైపు మూడు పరీక్షలు. ఇంజన్ వేడెక్కాక న్యూట్రల్‌లో 4,000 ఆర్‌పీఎం దగ్గర పట్టి, పంపు లోపలికి పీల్చే వైపు హోస్‌ను గమనించండి. అది నొక్కుకుపోతుంటే లోపలి స్ప్రింగ్ తుప్పుపట్టి పోయింది, లేదా రేడియేటర్ మూసుకుపోయింది. రెండోది, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రేడియేటర్ ముఖమంతా తడమండి. మధ్యలో ఒక పట్టీ చల్లగా ఉంటే ఆ గొట్టాల్లో ప్రవాహం లేదు. మెరిసే అల్యూమినియం మీద ఈ పరికరం తప్పు చెబుతుంది, అసలు కంటే బాగా తక్కువ చూపిస్తుంది. కొలిచే చోట నల్ల టేపు ముక్క అంటించండి. మూడోది పంపు. ప్లాస్టిక్ ఇంపెల్లర్ (కూలెంట్‌ను తోసే రెక్కల చక్రం) ఇరుసు మీద వదులైతే తక్కువ వేగంలో తిరుగుతుంది, ఎక్కువ వేగంలో జారుతుంది. బయట నుంచి నిర్ధారించలేరు, మిగతావన్నీ కొట్టేశాకే విప్పండి.

ఏ లెక్కకూ అందనిది

వేగంతో సంబంధం లేదు, లోడ్‌తో సంబంధం లేదు. 92, 93, హఠాత్తుగా 109, మళ్లీ 86. ఇక్కడ ముగ్గురు అనుమానితులు.

థర్మోస్టాట్ అంటుకుని, ఆలస్యంగా తెరుచుకుంటే అంకె పైకి పోయి ఒక్కసారిగా కిందికి దూకుతుంది, చల్లటి రేడియేటర్ నీళ్లు ఒకేసారి రావడం వల్ల. దాన్ని తీసి, దారంతో గిన్నెలో వేలాడదీసి, అడుగు తగలకుండా వేడిచేయండి. దాని మీద ముద్రించిన అంకెకు, సాధారణంగా 82 నుంచి 88 మధ్య, ఒకటి రెండు డిగ్రీల తేడాతో తెరుచుకోవడం మొదలవ్వాలి. అసలు సంగతి, ఈ పరీక్ష ఒకసారి చేస్తే ఏ ఉపయోగమూ లేదు. అప్పుడప్పుడు అంటుకునే దాన్ని కనీసం పదిసార్లు వేడిచేసి చల్లార్చి, ప్రతిసారీ అంకె రాయాలి. తొమ్మిదిసార్లు 88, ఒకసారి 97 అంటే దొంగ దొరికినట్టే.

రెండోది ఇరుక్కున్న గాలి. టొయోటా ఎంఆర్2, ఎంజీఎఫ్ లాంటి కార్లలో రేడియేటర్ ముందు, ఇంజన్ సీట్ల వెనక. మధ్యలో నేల కింద పొడవాటి గొట్టాలు. అలాంటి దారిలో గాలి బుడగ దానంతట అది బయటకు రాదు. వ్యాక్యూమ్ ఫిల్లర్ (లోపలి గాలి లాగేసి కూలెంట్ నింపే పరికరం) ఉంటే చల్లటి ఇంజన్ మీద 0.7 నుంచి 0.8 బార్ శూన్యం లాగి, ఐదు నిమిషాలు ముల్లు కదలకుండా నిలిచిందా చూసి, తర్వాతే కూలెంట్ వదలండి. నిలవకపోతే ఎక్కడో కారుతోంది, అదీ తెలిసొచ్చినట్టే. ఫిల్లర్ లేకపోతే కూలెంట్ పోసే చోటు అన్నిటికంటే ఎత్తుగా ఉండేలా కారు నిలిపి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి, గాలి తీసే స్క్రూలన్నీ బుడగలు ఆగేదాకా వదలండి. ఫ్యాన్ రెండుసార్లు మొదలై ఆగేదాకా నడిపి, మర్నాడు చల్లగా ఉండగా మట్టం చూడండి.

గాలి తీసిన వారానికే మళ్లీ గాలి చేరితే అది బయటి గాలి కాదు. మూడో అనుమానితుడు హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ పై హెడ్‌కూ మధ్య ఉండే సీలు), అంటే అది చెడి సిలిండర్‌లోని మండిన వాయువు కూలెంట్‌లోకి దూరడం. రాత్రంతా చల్లారిన కారు క్యాప్ పొద్దున తెరిస్తే బుస్సుమనకూడదు, చల్లారిన కూలెంట్ కుంచించుకుపోయి ఉంటుంది కాబట్టి. బుస్సుమందంటే ఆ ఒత్తిడి వాయువుది. క్యాప్ మూసి స్టార్ట్ చేసిన నిమిషంలోనే, ఇంకా వేడెక్కకముందే, పై హోస్ రాయిలా గట్టిపడితే అనుమానం బలపడుతుంది. నిర్ధారణకు నీలిరంగు రసాయన పరీక్ష: ట్యాంకులో కూలెంట్ మట్టం కొంచెం తగ్గించి, పై గాలిని ద్రవం గుండా పీల్చండి, కార్బన్ డయాక్సైడ్ ఉంటే పసుపురంగుకు మారుతుంది. కూలెంట్ చుక్క అందులో పడితే పరీక్ష చెడుతుంది. కారు నిలిపి ఊరికే తిప్పిన ఇంజన్ మీద నీలంగానే ఉందని వదిలేయకండి. చిన్న సందు లోడ్ మీదే తెరుచుకుంటుంది. గట్టిగా నడిపి వచ్చి, 50 కిందికి చల్లారాక, క్యాప్ తీసిన వెంటనే చేయాలి. టర్బో కార్లలో మరీ ముఖ్యం.

ఈ వారం అభ్యాసం

ఒక కారు లాగ్ ఇది, తక్కువ వేగం రెసిస్టర్ మీదుగా నడిచే రకం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 91. ట్రాఫిక్‌లో ఆగాక నాలుగు నిమిషాల్లో 106, ఫ్యాన్ హోరుమంది, తొంభై సెకన్లలో 95, ఫ్యాన్ ఆగింది, మళ్లీ 106. ఏసీ వేస్తే ఫ్యాన్ చప్పుడు లేదు. హీటర్ గాలి ఎప్పుడూ వేడిగానే ఉంది. ఏ భాగం మీద, ఏ రెండు కొనల మధ్య, మల్టీమీటర్‌ను దేని మీద పెట్టి కొలుస్తారు? రిలే కారణం కావచ్చా, కాకూడదా, ఎందుకు? జవాబు 5వ పాఠం మొదట్లో.