సెలవు రోజున రోడ్డు మీద బండి పెట్టే ముందు ఏం చూసుకోవాలి

సెలవే కదా, ఈరోజు ఎవరు అడుగుతారులే అని బండి పెట్టేసి వెళ్లిపోకండి. సెలవు నాడు కొన్ని రూల్స్ ఆగుతాయి, కొన్ని అలాగే ఉంటాయి, కొన్ని ఆ ఒక్కరోజు కోసమే కొత్తగా వస్తాయి. ఏది ఏ రకమో తెలియాలంటే, ఆ రూల్ ఎందుకు పెట్టారో ముందు ఆలోచించండి.

ఫైర్ హైడ్రంట్ (మంటలు ఆర్పడానికి రోడ్డు పక్కన ఉండే నీటి కుళాయి), బస్టాప్, జీబ్రా క్రాసింగ్, మలుపు, దివ్యాంగులకు కేటాయించిన చోటు, ఇంకొకరి గేటు ముందు. వీటికి సెలవు లేదు, ఎందుకంటే మంటలు క్యాలెండర్ చూసి రావు. బ్రిటన్‌లో రోడ్డు అంచున రెండు పసుపు గీతలు ఉంటే, వేరే సమయాలు చెప్పే బోర్డు లేనంతవరకు, బ్యాంక్ హాలిడే (అక్కడి ప్రభుత్వ సెలవు) నాడు కూడా అక్కడ బండి పెట్టకూడదు.

వీధులు ఊడవడానికో, పార్కింగ్ డబ్బులు వసూలు చేసే మీటరు కోసమో పెట్టిన రూల్ అయితే సడలించే అవకాశం ఉంది, అదీ అన్ని సెలవులకూ కాదు. న్యూయార్క్‌నే తీసుకోండి. వీధి ఊడ్చే రోజు ఆ వైపు ఖాళీ చేయాలనే రూల్‌ను అక్కడ ఏడాదిలో చాలా పండుగలకు ఆపుతారు, కానీ మీటర్లు కూడా ఆగేది జనవరి 1, మెమోరియల్ డే, జూలై 4, లేబర్ డే, థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ లాంటి పెద్ద సెలవులకే. ఆ రోజుల్లో కూడా వారానికి 7 రోజులూ అమల్లో ఉండే బోర్డులు అమల్లోనే ఉంటాయి.

బోర్డు మీద 'సోమ నుంచి శని' అని ఉండి, సెలవు సోమవారం వచ్చిందనుకోండి. 'సెలవు రోజులు మినహా' అని రాసి ఉంటేనో, నగరపాలక సంస్థ వెబ్‌సైట్‌లో ఆ ఏడాది జాబితాలో ఆ తేదీ ఉంటేనో తప్ప మామూలు రోజు కిందే లెక్కేసుకోండి. పండుగ ఆదివారం పడి సెలవు సోమవారానికి మారితే రూల్ ఏ రోజు ఆగుతుందో కూడా ఆ జాబితాలోనే చూడాలి, పేరు కాదు, తేదీ చూడండి. ప్రైవేటు పార్కింగ్‌కి ఇవేవీ వర్తించవు, అక్కడ యజమాని పెట్టిన బోర్డే రూల్.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది తాత్కాలిక బోర్డుల విషయంలో. ఒకసారి పండుగ ముందురోజు రాత్రి బండి పెట్టి, మీటరు లేదు కదా అని హాయిగా పడుకున్నాను. పొద్దున వచ్చేసరికి అక్కడ బండి లేదు. వెనక చెట్టుకు ప్లాస్టిక్ తాడుతో కట్టిన కాగితం, వానకు తడిసి సిరా కారిపోయింది, దగ్గరికి వెళ్లి చూస్తే ఊరేగింపు కోసం ఉదయం 6 నుంచి ఈ వైపు ఖాళీ చేయాలని ఉంది. సెలవు కాబట్టి బండి విడిపించుకునే ఆఫీసు కూడా మూసేశారు, మర్నాడు దాకా బండిని తీసుకెళ్లి పెట్టిన యార్డు అద్దె పడుతూనే ఉంది. అప్పట్నుంచి బండి దిగగానే ముందుకీ వెనక్కీ ఓ పాతిక అడుగులు నడిచి స్తంభాలు, చెట్లు, గోడలు అన్నీ చూస్తాను, ఇరువైపులా ఉన్న బోర్డులను తేదీ కనిపించేలా ఫోటో తీసుకుంటాను. చలానా మీద అప్పీలు చేయాల్సివస్తే ఆ ఫోటో పనికొస్తుంది.

ఇంకొకటి, సడలింపు ఉన్నా అది సాధారణంగా ఆ అర్ధరాత్రితో అయిపోతుంది. బండి తెల్లారేదాకా ఉంచుతుంటే మర్నాటి రూల్ ఎన్నింటికి మొదలవుతుందో చూసి, దానికి అరగంట ముందుకి అలారం పెట్టుకోండి.