కాన్పు నొప్పుల్లో మందుల్లేకుండా ఉపశమనం ఇవ్వడం ఎలా?

కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల్లో కాన్పుల వార్డు నర్సులకు కాపడం, మసాజ్, శ్వాస పద్ధతుల గురించి తెలియదని కాదు. చదువుకున్నారు, పరీక్షల్లో రాశారు. కానీ పక్కపక్క బెడ్ల మీద నలుగురు నొప్పులు పడుతుంటే, ఒక్కరి దగ్గరే నిలబడే తీరిక సిస్టర్‌కు ఎక్కడుంటుంది? అందుకే తోడు వెళ్ళే అమ్మకో అక్కకో ఈ పనులు ముందే రావాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక తోడు ఉండొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. బిడ్డను కన్న అనుభవం ఉన్న ఆడమనిషి అయితే మంచిది. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు జరిపే పరీక్షలకు వెళ్ళినప్పుడే తోడు ఎవరో సిస్టర్‌కు చెప్పండి. నడుము ఎక్కడ నొక్కాలో చూపించమని అప్పుడే అడగండి.

నొప్పులు మొదలయ్యాక ఆమెను వెల్లకిలా పడుకోబెట్టకండి. సిస్టర్ సరేనంటే నడిపించండి. ముఖ్యంగా ఉమ్మనీరు పోయి ఉంటే అడక్కుండా మంచం దింపొద్దు. నిలబడి, నడుస్తూ ఉన్నవాళ్ళకు తొలి దశ కాస్త తొందరగా సాగుతుంది. అలసిపోతే ఎడమ పక్కకు తిరిగి పడుకోవచ్చు.

అన్నిటికంటే బాగా నేర్చుకోవాల్సింది నడుము నొక్కడం. ఆమె మంచం పట్టెకో కిటికీ గట్టుకో చేతులు ఆనించి ముందుకు వంగాలి. మీరు వెనక నిలబడి, నడుము కింద పిరుదుల మధ్య తగిలే గట్టి ఎముక మీద అరచేతి మడమ (మణికట్టు దగ్గరి గట్టి భాగం) ఆనించండి. నొప్పి మొదలవుతోందని ఆమె చెప్పగానే నొక్కడం మొదలుపెట్టి, తగ్గేదాకా అలాగే పట్టి ఉంచండి. రుద్దకండి, మధ్యలో వదలకండి. మోచెయ్యి నిటారుగా పెట్టి ఒంటి బరువు ఆనిస్తే చెయ్యి తొందరగా అలసిపోదు. "ఇక్కడేనా? ఇంకా కిందికా? గట్టిగా నొక్కాలా?" అని నొప్పి తగ్గిన తర్వాత అడగండి, నొప్పి మధ్యలో కాదు. ఆ ఒత్తిడి కబురు వెన్నుపాములో నొప్పి కబురును కొంత అడ్డుకుంటుందని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. నడుములోనే నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఇది బాగా పనిచేస్తుంది. నర్సింగ్ విద్యార్థులు డ్యూటీ రూమ్‌లో ఒకరి మీద ఒకరు చేసి చూసుకుంటే, ఎంత బరువు ఆనించాలో చేతికే తెలుస్తుంది.

మధ్యమధ్యలో వేడినీళ్ళలో ముంచి పిండిన టవల్‌తో నడుముకు కాపడం పెట్టండి. ముందు మీ ముంజేతి లోపలి వైపు ఆనించి చూసుకోండి. చురుక్కుమంటే అది ఆమెకూ వేడే.

శ్వాస విషయంలో "గాలి పీల్చు, పీల్చు" అని అరవడం వల్ల టెన్షన్ పెరుగుతుంది తప్ప లాభం లేదు. మీరే ఆమె ముఖం ముందు ముక్కుతో పీల్చి, నోటితో మెల్లగా, ఇంకా ఎక్కువసేపు వదులుతూ చూపించండి. ఆమె మీతో పాటు చేస్తుంది. మన ఎండాకాలంలో అయితే గుక్కెడు గుక్కెడు నీళ్ళో మజ్జిగో కొబ్బరి నీళ్ళో తాగించడం మరవద్దు. ఆపరేషన్ అవసరం పడొచ్చని డాక్టర్ చెప్పి ఉంటే మాత్రం అడిగాకే ఇవ్వండి.

"అందరూ కనలేదా, ఓర్చుకో" అనే మాట ఎవరి నోటా రాకూడదు. అది విన్న మనిషి ఒళ్ళు బిగించుకుంటుంది, నొప్పి ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. ముక్కమని సిస్టర్ చెప్పేదాకా ముక్కించకండి. పొట్ట మీద ఎవరినీ నొక్కనివ్వకండి.

రక్తం పోతున్నా, ఉమ్మనీరు ఆకుపచ్చగా కనిపించినా, విపరీతమైన తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా, నొప్పికీ నొప్పికీ మధ్య విరామం లేకపోయినా ఇవన్నీ ఆపి వెంటనే సిస్టర్‌ను పిలవండి. ఇన్ని చేసినా తట్టుకోలేకపోతున్నానని ఆమె అంటే, నొప్పి తగ్గించే మందు గురించి డాక్టర్‌ను ఆమె తరఫున మీరే అడగండి.