స్త్రీల వలసపై పరిశోధన గ్రంథాన్ని ఎలా చదవాలి

పరిశోధన గ్రంథాన్ని నవలలా మొదటి పేజీ నుంచి మొదలుపెట్టినవారు చాలావరకు రెండో అధ్యాయం దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే సిద్ధాంత చర్చంతా సాధారణంగా అక్కడే ఉంటుంది. స్త్రీల వలసపై రాసిన పుస్తకమైతే ముందుగా పరిశోధన పద్ధతిని వివరించిన పేజీలు తెరవాలి. అవి ఉపోద్ఘాతం చివరనో, వెనుక అనుబంధంలోనో ఉంటాయి. రచయిత ఎవరితో మాట్లాడారు, ఏ భాషలో మాట్లాడారు, దుభాషి ఉన్నారా, మాట్లాడేటప్పుడు పక్కన ఎవరున్నారు అన్నవి అక్కడే తెలుస్తాయి. కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిన కడప జిల్లా స్త్రీ, భర్తా అత్తగారూ వింటుండగా చెప్పే మాట ఒకటి, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పే మాట మరొకటి. ఈ సంగతి ఎక్కడా ప్రస్తావించని పుస్తకాన్ని నేను కాస్త అనుమానంతోనే చదువుతాను.

తర్వాత చూడవలసినవి పట్టికలు. 2011 జనగణన ప్రకారం దేశంలో వలస వచ్చినవారు సుమారు 45 కోట్ల మంది కాగా, వారిలో మూడింట రెండు వంతులకు పైగా స్త్రీలే. స్త్రీల విషయంలో అన్నిటికంటే ఎక్కువగా నమోదైన కారణం పెళ్లి. అయితే ఆ గణనలో ఒక మనిషికి ఒకే కారణం నమోదవుతుంది. పాలమూరు పల్లె నుంచి పెళ్లయి హైదరాబాద్ వచ్చి, మర్నెల నుంచే నాలుగిళ్లలో వంట చేస్తున్న ఆమె కూడా ఆ పట్టికలో పెళ్లి గడిలోనే మిగిలిపోతుంది. గల్ఫ్ లెక్కల్లో చిక్కు ఇంకొక రకం: ఎమిగ్రేషన్ (దేశం విడిచి వెళ్లే) అనుమతి అవసరమైన పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలన్న నిబంధన ఉన్నందువల్ల, దాన్ని తప్పించుకుని విజిట్ వీసాపై వెళ్లి పనిలో చేరినవారు అధికారిక లెక్కల్లోకి రారు. కాబట్టి ప్రతి పట్టిక కిందా ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూసి, అందులో పడనివారెవరో పెన్సిల్‌తో అంచున రాసుకోవాలి.

ప్రచురణ సంవత్సరం కూడా ముఖ్యమే. తక్కువ దూరపు వలసల్లో పురుషుల కంటే స్త్రీలే ఎక్కువని భూగోళ శాస్త్రవేత్త రావెన్‌స్టైన్ 1885లోనే రాసినా, ఆ తర్వాత చాలాకాలం పండితులు వలసదారుడంటే పురుషుడేననీ, స్త్రీ అతని వెంట వెళ్లేదేననీ అనుకున్నారు. 1984లో సామాజిక శాస్త్రవేత్త మిర్యానా మొరొక్వాసిచ్ రాసిన వ్యాసం ఆ ధోరణిని గట్టిగా ప్రశ్నించింది. ఆ వ్యాసానికి ముందు వచ్చిన పుస్తకాన్ని చదివేటప్పుడు చివరి పదసూచికలో ‘స్త్రీలు’ అన్న మాట ఎన్ని పేజీలకు దారి చూపుతుందో చూస్తే చాలా సంగతి తేలిపోతుంది.

పారిభాషిక పదాల దగ్గర తెలుగు పాఠకుడికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ‘ఏజెన్సీ’ అనగానే మనకు మన్యం గుర్తుకొస్తుంది, లేదా వీసా ఇప్పించే దుకాణం. ఈ గ్రంథాల్లో మాత్రం దాని అర్థం, పరిస్థితులు బిగించిన చోట కూడా మనిషి తనకు తానుగా నిర్ణయం తీసుకుని నడవగల శక్తి. ఇలాంటి పదం ఎదురైనప్పుడు నిఘంటువు వెతకడం కంటే, ఆ పేరాను ఆ పదం లేకుండా సొంత తెలుగులో రెండు వాక్యాలుగా రాసి చూడటం మేలు. రాయలేకపోతే ఆ పేరా మనకు అర్థం కాలేదన్నమాట. అరుదుగా, రచయితకే స్పష్టత లేదన్నమాట.

పురుషుల గురించిన పుస్తకాల్లో కూడా స్త్రీల కోసం వెతకాలి. హైదరాబాద్, సిడ్నీలలో క్షేత్ర పరిశోధన చేసి మానవ శాస్త్రవేత్త షియాంగ్ బియావ్ 2007లో ప్రచురించిన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ ఐటీ ఉద్యోగుల సరఫరా వ్యవస్థ గురించినది. అయినా, ఆ చదువులకూ ప్రయాణాలకూ వెనుక కట్నం డబ్బు ఎలా పనిచేసిందో అది చూపిస్తుంది. మన ఇళ్లలో అందరికీ తెలిసిన ఈ లెక్కను అంత తీరికగా పుస్తకంలో చూసినప్పుడు కొంచెం ఇరుకున పడతాం.

ఇక ధర సంగతి. గట్టి అట్ట ప్రతి వేలల్లో ఉంటుంది కనుక, దక్షిణాసియాకు మాత్రమే ముద్రించిన చౌక ప్రతి ఉందేమో ముందు వాకబు చేయాలి. రచయిత భారతీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి ఉంటే, పీహెచ్‌డీ గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో ఆ సిద్ధాంత గ్రంథం ఉచితంగా దొరికే అవకాశం ఉంది. పుస్తకం చేసేటప్పుడు తీసేసిన ప్రశ్నావళి అందులో తరచుగా ఉంటుంది. అందులోని ఒక ప్రశ్నను మీ ఇంటికే కోడలిగా వచ్చిన పెద్దావిడను అడిగి, ఆమె జవాబు ఏ గడిలో పడుతుందో చూడండి.