స్కిజోఫ్రేనియా తొలిదశలో డోపమిన్ మార్పు: ఎలుకల్లో దేన్ని, ఎప్పుడు కొలవాలి?

జబ్బు పూర్తిగా బయటపడకముందే, ముప్పు ఉన్నవాళ్ల మెదడు లోపలి భాగమైన స్ట్రయేటంలో, డోపమిన్ అనే మెదడు రసాయనం తయారయ్యే సామర్థ్యం పెరిగినట్టు 2009లో ఆలివర్ హోవ్స్ బృందం పెట్ స్కాన్లతో చూపింది. స్ట్రయేటంలో ఆలోచనతో ముడిపడిన భాగంలోనే ఆ తేడా ఎక్కువ. ఎలుకలో దానికి దగ్గరగా ఉండేది డోర్సోమీడియల్ స్ట్రయేటం. కాబట్టి పెద్ద ఎలుక స్ట్రయేటమంతా నలగ్గొట్టి మొత్తం డోపమిన్ కొలిస్తే ఈ ప్రశ్నకు జవాబు రాదు. కొలవాల్సింది తయారీని. అదీ వయసుకు వస్తున్న ఎలుకల్లో ఒకసారి, పెద్దయ్యాక ఇంకోసారి.

ఇందుకు ఎమ్‌ఏఎమ్ మోడల్ బాగా సరిపోతుంది. గర్భం 17వ రోజున తల్లికి మిథైలజాక్సీమెథనాల్ అసిటేట్ (ఎమ్‌ఏఎమ్) ఇస్తే, పెద్దయిన పిల్లల్లో వెంట్రల్ హిప్పోక్యాంపస్ (జ్ఞాపకంతో ముడిపడిన మెదడు భాగంలో కింది వైపు) అతిగా పనిచేస్తుంది. ఫలితంగా మిడ్‌బ్రెయిన్‌లో వాటంతటవే చురుగ్గా ఉండే డోపమిన్ కణాల సంఖ్య పెరుగుతుంది. మత్తుమందు కెటమిన్ ఇచ్చి చేసే మోడల్ తేలికే గానీ, ఎదుగుదలలో మార్పు ఎలా వచ్చిందో అది చెప్పదు.

జంతు నైతిక కమిటీకి ఫారం బి (ప్రయోగానికి అనుమతి కోరే దరఖాస్తు) ముందే పెట్టండి. పరుగు పరీక్షకు, డోపమిన్‌ను విడుదల చేయించే యాంఫెటమిన్ వాడే ఉద్దేశముంటే, అది ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కిందికి వస్తుంది కాబట్టి ఆ అనుమతి పని కూడా అప్పుడే మొదలుపెట్టండి.

గర్భంతో ఉన్న ఎలుకల్ని హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో తెప్పించవద్దు. గర్భంలో ఒత్తిడి డోపమిన్‌ను మార్చేస్తుంది, ప్రయాణమే ఇంకో మోడల్ అయిపోతుంది. మీ ల్యాబులోనే జత కట్టించండి. తిరుపతిలో అయితే మే నెల వదిలేయడం మంచిది. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఏసీ ఒక్క రాత్రి ఆగినా గది 22 డిగ్రీల్లో నిలవదు. గంగజాతర డప్పులు, టపాకాయల మోత కూడా అప్పుడే.

సాయంత్రం స్ప్రేగ్-డాలీ రకం ఆడ ఎలుకను మగదానితో వదిలి, పొద్దున్నే యోని స్మియర్ చూడండి. పిపెట్‌తో కొద్దిగా సెలైన్ లోపలికి పంపి, వెనక్కి లాగి స్లైడ్ మీద వేస్తే, కొడవలి వంపు తల ఉన్న వీర్యకణాలు కనిపిస్తాయి. అది సున్నా రోజు. కొన్ని ల్యాబులు దాన్నే ఒకటో రోజు అంటాయి. మీ లెక్క ఏదో రిజిస్టర్‌లో ముందే రాసుకోండి, ఎందుకంటే ఇంజక్షన్ 15వ రోజుకు జారితే పిల్లల మెదడు కొట్టొచ్చినట్టు చిన్నదవుతుంది. అది వేరే మోడల్.

మోతాదు కిలోకు 22 మి.గ్రా., సెలైన్‌లో కలిపి ఉదరకుహరంలోకి ఇంజక్షన్. కంట్రోల్ తల్లులకు ఉత్త సెలైన్. ఎమ్‌ఏఎమ్ డీఎన్‌ఏను దెబ్బతీసి క్యాన్సర్ తెచ్చే పదార్థం. ఫ్యూమ్ హుడ్‌లో, రెండు జతల గ్లవ్స్‌తో పని చేయండి. తర్వాతి రోజుల్లో తీసిన ఊకను ప్రమాదకర వ్యర్థంగానే పంపండి, ఎరువు కుప్పలో వేయకండి.

పిల్లల్ని పుట్టిన 21వ రోజు తల్లి నుంచి వేరు చేసి, బోనుకు రెండు మూడు చొప్పున ఉంచండి. ఒంటరిగా పెంచడం కూడా డోపమిన్‌ను కదిలిస్తుంది.

కొలత పుట్టిన 35వ రోజు దగ్గర ఒకసారి, 65 దాటాక ఇంకోసారి. కిలోకు 100 మి.గ్రా. ఎన్‌ఎస్‌డీ-1015 ఇవ్వండి. ఇది ఎల్-డోపా (డోపమిన్‌కు ముందు రూపం) డోపమిన్‌గా మారకుండా ఆపుతుంది. సరిగ్గా 30 నిమిషాలకు మెదడు తీసి, ఐసు మీద స్ట్రయేటం డోర్సోమీడియల్, వెంట్రల్ (కింది) భాగాలు విడదీయండి. పేరుకున్న ఎల్-డోపానే తయారీ వేగానికి కొలమానం. ఈ 30 నిమిషాలు ఒక్కో ఎలుకకు ఒక్కోలా జరిగితే తేడాలన్నీ గడియారానివే అవుతాయి. కణజాలాన్ని 0.1 మోలార్ పెర్‌క్లోరిక్ ఆమ్లంలో, కొద్దిగా సోడియం మెటాబైసల్ఫైట్, ఈడీటీఏ కలిపి, చల్లగా నలపండి. లేకుంటే ఎల్-డోపా ఆక్సీకరణం చెంది పోతుంది. ద్రావణంలోని పదార్థాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో ఎల్-డోపా పీక్ చాలా తొందరగా వచ్చి సాల్వెంట్ ఫ్రంట్‌లో (మొదట వచ్చే ద్రావకపు పీక్‌లో) కలిసిపోతుంది. మొబైల్ ఫేజ్‌లో (యంత్రం గుండా పారే ద్రవంలో) మెథనాల్ తగ్గిస్తే విడివడుతుంది.

పరుగు పరీక్ష పెడితే ఎలుకను అరగంట బాక్సుకు అలవాటు చేసి, కిలోకు 0.5 నుంచి 1 మి.గ్రా. యాంఫెటమిన్ చాలు. మోతాదు బాగా పెంచితే ఎలుక ఒకచోటే కూర్చుని తల ఊపుతూ మూతి ఆడిస్తుంది. దూరం తగ్గినట్టు కనిపించినా ప్రభావం తగ్గినట్టు కాదు. ఎమ్‌ఏఎమ్ పిల్లల్లో యాంఫెటమిన్‌కు మామూలు కంటే ఎక్కువ పరుగెత్తే అతి స్పందన వయసుకు వచ్చాకే కనిపిస్తుంది కాబట్టి 35వ రోజున తేడా రాలేదని మోడల్ పాడైందనుకోకండి.

లెక్కల్లో యూనిట్ పిల్ల కాదు, ఈత. ఇంజక్షన్ తల్లికి ఇచ్చాం, ఒకే ఈతలోని పది పిల్లలు పది నమూనాలు కావు. గుంపుకు ఎనిమిది ఈతలు పెట్టుకుని, ఒక్కో ఈత నుంచి ఒక్కో వయసుకు ఒక మగ, ఒక ఆడ పిల్లను తీసుకోండి. మిగిలినవాటిని స్లైసులకో, ప్రవర్తన పరీక్షలకో కేటాయించి, ఆ సంగతి ఫారం బిలోనే రాయండి.